నోటి మాట, మట్టి మాట

(షోలాపూర్ తెలుగువారి ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున మన ఇంట వేపపూత పచ్చడి, పక్కింటి గుమ్మాన గుడి పాడవా గుడి. ఒకే తిథిన, ఒకే వీధిలో, రెండు భాషలవారు కొత్త సంవత్సరానికి స్వాగతం చెప్పుకోవడం మన షోలాపూర్‌లో తరతరాలుగా వస్తున్న మర్యాద. ఇట్టి శుభదినాన నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచినందుకు కార్యవర్గానికి కృతజ్ఞుణ్ణి.

పురావస్తు శాస్త్రాన్ని గురించి మాట్లాడమన్నారు. పిల్లలు కూడా కూర్చుని వినేటట్లు మాట్లాడమని షరతు పెట్టారు. పిల్లలు వినాలంటే ఆటల సంగతి ఎత్తాలి. పెద్దలు వినాలంటే ఇంటి సంగతి ఎత్తాలి. అందువల్ల రెండూ కలిసివచ్చే విషయం ఒకటి ఎంచుకున్నాను. మన పిల్లలు తెర ముందు కూర్చుని ఆడే వీడియో ఆటలున్నవే, వాటిని పురావస్తు శాస్త్ర పద్ధతిలో పరిశోధించే విద్య ఒకటి ఇటీవల బయలుదేరింది. దానిని ఇంగ్లీషులో ‘ఆర్కియోగేమింగ్’ అంటారు. ఆండ్రూ రైన్‌హార్డ్ అనే అమెరికన్ పురాతత్వ పండితుడు 2013 నుంచి ఈ మాటను వాడుకలోకి తెచ్చి, 2018లో ఆ పేరుతోనే ఒక గ్రంథం ప్రకటించాడు.

“నలభై ఏళ్లనాటి ఆటబొమ్మ కూడా పురావస్తువేనా?” అని మీరు నవ్వవచ్చు. శాతవాహనుల నాణెం పురావస్తువు, అమరావతి శిల్పం పురావస్తువు. దుకాణంలో కొన్న ప్లాస్టిక్ పెట్టె ఎట్లా పురావస్తువు అవుతుంది? ప్రశ్న న్యాయమైనదే. కాని పురావస్తు శాస్త్రానికి ప్రాణం వస్తువు వయస్సులో లేదు, పరిశీలించే పద్ధతిలో ఉన్నది. మనిషి వదలిపెట్టిన వస్తువును చూసి మనిషి ఎట్లా బ్రతికాడో తెలుసుకోవడమే ఈ శాస్త్రం. అందుకు అది ముఖ్యంగా మూడు ప్రశ్నలు వేస్తుంది: ఈ వస్తువు ఎక్కడ దొరికింది? ఏ పొరలో దొరికింది? దాని పక్కన ఏమున్నది? ఈ మూడింటికీ జవాబు ఉంటే పగిలిన కుండపెంకు కూడా చరిత్ర చెబుతుంది. జవాబు లేకపోతే బంగారు విగ్రహమైనా అనాథే.

ఇంకొక మాట. మనిషి నోటితో చెప్పేది ఒకటి, మట్టిలో వదలేది ఒకటి. ఈ రెండూ ఎప్పుడూ ఒకటిగా ఉండవు. దీనికి చక్కని ఉదాహరణ ఒకటి చెబుతాను. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్యే అనే ఆచార్యుడు 1973లో తన విద్యార్థులచేత ఇళ్ల చెత్తను పరిశోధింపజేయడం మొదలుపెట్టాడు. అసహ్యించుకోకండి, పురాతత్వ పరిశోధకులు ఎక్కడ తవ్వినా ప్రాచీనుల చెత్తనే గదా చూసేది! ఇంటింటికీ వెళ్లి “వారానికి ఎంత బీరు తాగుతారు?” అని అడిగితే ఒక లెక్క వచ్చింది. అక్కడి చెత్తలో సీసాలూ డబ్బాలూ లెక్కపెడితే అంతకు మించిన లెక్క వచ్చింది. తరువాత 1980ల చివరలో ఆయన బృందం పెద్ద పెద్ద చెత్తదిబ్బలనే తవ్వింది. లోపల కాగితం కుళ్లిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. దశాబ్దాలనాటి వార్తాపత్రికలు చదవడానికి వీలుగా దొరికాయి. పత్రిక మీద తేదీ ఉంటుంది గనుక ఆ పొర ఏ సంవత్సరానిదో కూడా అదే చెప్పింది.

ఇప్పుడు ఆటల సంగతికి వస్తాను.

1982లో అమెరికాలో అటారి అనే కంపెనీ వీడియో ఆటల వ్యాపారంలో మకుటంలేని మహారాజు. టెలివిజనుకు తగిలించే చిన్న యంత్రం ఒకటి, దానిలో దూర్చే అరచేయంత ప్లాస్టిక్ పెట్టెలు కొన్ని. ఆ పెట్టెను కార్ట్రిడ్జి అంటారు. ఒక్కొక్క పెట్టెలో ఒక్కొక్క ఆట. ఆ ఏడు ‘ఇ.టి.’ అనే సినిమా ప్రపంచమంతా విరగబడి ఆడింది. క్రిస్మస్ పండుగ నాటికి ఆ సినిమా పేరుతో ఆట దుకాణాల్లో ఉండాలని కంపెనీ తొందరపడింది. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్‌కు ఆ పని అప్పగించి, అయిదు వారాలు మాత్రం గడువిచ్చారు. మామూలుగా ఇట్టి ఆటకు నెలల తరబడి పట్టేది. ఆయన ఒంటిచేతి మీద గడువులోపలే పూర్తి చేశాడు. పిల్లలు మొదట ఎగబడి కొన్నారు, తరువాత పెదవి విరిచారు. లక్షల పెట్టెలు అమ్ముడుపోక నిలిచిపోయాయి. ఆ ఒక్క ఆటే గాక, మరుసటి ఏటినుంచి అమెరికాలో వీడియో ఆటల వ్యాపారమే కుప్పకూలింది. 1983లో అటారికి వచ్చిన నష్టం 53 కోట్ల డాలర్లకు పైమాటే.

1983 సెప్టెంబరులో టెక్సాస్ రాష్ట్రంలోని ఎల్ పాసో గిడ్డంగి నుంచి లారీల కొద్దీ సరుకు తెచ్చి, పక్క రాష్ట్రమైన న్యూ మెక్సికోలో అలమగోర్డో అనే చిన్న ఊరి చెత్తదిబ్బలో పోసి పూడ్చారు. పిల్లలు పోయి ఏరుకుంటున్నారని పైన కాంక్రీటు కూడా పోశారు. ఆ సంగతి అప్పట్లోనే పత్రికల్లో పడింది. కాని కాలం గడిచినకొద్దీ వార్త కథయింది, కథ పురాణమయింది. “లక్షలు గావు, కోట్లలో ఇ.టి. పెట్టెలు ఆ ఎడారిలో పాతిపెట్టారట” అని కొందరు, “అదంతా కట్టుకథ, అక్కడ ఏమీ లేదు” అని కొందరు. ముప్ఫై ఏళ్లు ఈ వాదన సాగింది.

2014 ఏప్రిల్ 26న ఆ దిబ్బను తవ్వారు. ఒక డాక్యుమెంటరీ చిత్రం కోసం జరిగిన తవ్వకమైనా, రైన్‌హార్డ్ నాయకత్వాన పురాతత్వ పండితుల బృందాన్ని అక్కడ నిలబెట్టారు. ఇన్ని ఎకరాల దిబ్బలో ఎక్కడ తవ్వాలి? ఆ ఊరి చెత్త వ్యవహారాలు చూసిన జో లెవండోస్కీ అనే ఆయన పాత ఫోటోలు ముందు వేసుకుని, ఏ ఏడు ఏ గుంట నింపారో కూడబెట్టి చోటు గుర్తించాడు. గాలిదుమారం రేగుతుండగా యంత్రం ముప్ఫై అడుగుల లోతు వరకు దిగింది. నలిగిన పెట్టెలు, అట్టడబ్బాలు, వాడుక పుస్తకాలు బయటపడ్డాయి. పురాణం నిజమే! చూడవచ్చిన వందలాది జనం చప్పట్లు కొట్టారు.

కాని అసలు విశేషం ఆ చప్పట్ల తరువాత ఉన్నది. బయటికి తీసిన సుమారు 1300 పెట్టెలనూ వరుసగా పేర్చి పేర్లు రాసుకుంటే, వాటిలో ఇ.టి. కొద్ది భాగమే! సెంటిపీడ్, డిఫెండర్, మిస్సైల్ కమాండ్ మొదలైన పేరుమోసిన ఆటలు, బాగా అమ్ముడుపోయిన ఆటలు కూడా అందులో ఉన్నాయి. అన్నీ కలిపి యాభైకి మించిన రకాలు. అంటే, “ఒక చెడ్డ ఆటను సిగ్గుపడి పాతిపెట్టారు” అన్న కథ నిలవలేదు. ఒక గిడ్డంగిలో మిగిలిన సరుకునంతా, మంచీ చెడ్డా అనకుండా పారబోశారని మట్టి సాక్ష్యం చెప్పింది. కంపెనీని ముంచింది ఒక్క ఆట కాదు, సరుకు మీద సరుకు గుట్టలుగా చేసిన వ్యాపారం. ముప్ఫై ఏళ్లు ఒక ప్రోగ్రామర్ తల మీద మోపిన నిందను ఆ పెట్టెల పట్టిక కొంత దించింది. ఆనాడు పూడ్చే పని చూసిన కంపెనీ అధికారి ఒకరు తవ్వకం నాడు అక్కడికి వచ్చి, పూడ్చినవి మొత్తం 7,28,000 అని చెప్పాడు. కోట్ల మాట కూడా అట్లా తగ్గింది.

ఇక్కడ గమనించండి. పెట్టెల్లో ఏ ఆటలు ఉన్నాయో మట్టి చెప్పింది. మొత్తం ఎన్నో మట్టి చెప్పలేదు, ఎందుకంటే అంతా తవ్వలేదు. దానికి మనిషి నోరు కావలసివచ్చింది. ఎక్కడ తవ్వాలో పాత ఫోటోలు చెప్పాయి. ముగ్గురు సాక్షులు కలిస్తేనే వ్యవహారం తేలింది.

ఇంకొక ముచ్చట. ఆ పెట్టెల్లో ఒకటి స్మిత్సోనియన్ సంస్థ మ్యూజియం చేరింది. కొన్నిటిని ఆ ఊరి పురపాలక సంఘం వేలం వేస్తే లక్ష డాలర్లకు పైగా వచ్చింది. అదే ఇ.టి. ఆట పాత సామాన్ల అంగడిలో చవకగానే దొరుకుతుంది, అది కూడా శుభ్రమైనది, ఆడుకోవడానికి పనికివచ్చేది. నలిగి కంపుకొట్టే పెట్టెకు అంత ధర ఎందుకు? దానితో ఒక చీటీ ఉన్నది: “ఇది ఫలానా చోట, ఫలానా తవ్వకంలో దొరికింది” అని. విలువంతా ఆ చీటీలో ఉన్నది. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి, చివర మన ఇంటి సంగతి వచ్చినప్పుడు పనికివస్తుంది.

ఇంతవరకు పెట్టె బయట తవ్వకం. పెట్టె లోపల కూడా తవ్వవచ్చు.

మన శాసనాలలో చివర కొన్నిచోట్ల చెక్కినవాడి పేరు కనిపిస్తుంది గదా. రాజు పేరు పెద్దగా, శిల్పి పేరు చిన్నగా. అటారి కంపెనీ మాత్రం ఆట తయారుచేసిన వారి పేరు పెట్టెమీద ఎక్కడా వేయనిచ్చేది కాదు. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ ‘అడ్వెంచర్’ అనే ఆటలో ఒక పని చేశాడు. ఆటలో ఒక మూల కంటికి ఆనీ ఆనని చుక్క ఒకటి పెట్టాడు. ఆ చుక్కను పట్టుకుని ఒక గోడ దగ్గరికి పోతే దారి తెరుచుకుని రహస్యమైన గది వస్తుంది. గదిలో ఉన్నదేమిటి? ఆ ఆటను చేసినది తానేనని ఆయన పేరు! కంపెనీకి కూడా తెలియదు. 1980లో సాల్ట్ లేక్ సిటీకి చెందిన పదిహేనేళ్ల కుర్రవాడు ఆ గదిని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాసేదాకా ఆ ‘శాసనం’ బయటపడలేదు. మన అమ్మమ్మలు ఇత్తడి బిందెమీద పేరు చెక్కించుకుని అత్తవారింటికి తెచ్చుకున్నది కూడా ఈ ఆశతోనే గదా. వస్తువు పదిమంది చేతుల్లో తిరిగినా, ఇది ఎవరిదో ఒకనాడు ఎవరో ఒకరు చదువుతారని.

ఇప్పుడు చెప్పబోయేది చేనేత ఇళ్లవారికి ఇట్టే అర్థమవుతుంది. మన షోలాపూర్ దుప్పటి మీద పువ్వు ఎట్లా పడుతుంది? జకార్డు మగ్గం మీద చిల్లుల అట్టలు తిరుగుతాయి. చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, దానికి సంబంధించిన పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట లేవదు. లేస్తుందా, లేవదా అన్న రెండే మాటలతో నెమలి, తామర, గుడిగోపురం అన్నీ నేస్తాము. ఫ్రాన్సులో జకార్డు ఈ యంత్రాన్ని 1804 ప్రాంతంలో తయారుచేశాడు. ఆ చిల్లుల అట్టను చూసే ఇంగ్లండులో బాబేజి తన లెక్కల యంత్రానికి అట్టలు వాడాలని ఊహించాడు. కంప్యూటరు కూడా ఒకటి, సున్న అన్న రెండే మాటలతో నడుస్తుంది. కనుక ప్రోగ్రాము అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, షోలాపూర్ పద్మశాలీ తడుముకోనక్కర లేదు. “మా అట్టల వరుస వంటిదే” అని చెప్పవచ్చు.

1982లో ‘ఎంటూంబ్డ్’ అనే ఆట వచ్చింది. సమాధుల గుహల్లో చిక్కుదారి. వెంటబడే పిశాచాలను తప్పించుకుంటూ కిందికి కిందికి పోవాలి. ఆ చిక్కుదారి ఎంతసేపు ఆడినా అయిపోదు, వరుస తరువాత వరుస పుట్టుకొస్తూనే ఉంటుంది. ఆ యంత్రంలో పనిచేసేటప్పుడు వాడుకోవడానికి ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. ఇప్పుడు మీ ఫోనులో వచ్చే ఒక ఉగాది శుభాకాంక్ష దానికంటే పెద్దది! అంత చిన్న చోట అంతులేని చిక్కుదారి ఎట్లా ఇమిడింది? జాన్ ఐకాక్, తారా కాపుల్‌స్టోన్ అనే ఇద్దరు పరిశోధకులు పెట్టెలోని సంకేతాలను ఒక్కొక్కటే విప్పి చూసి 2018లో ప్రకటించారు. చిక్కుదారి అంతా ముందుగా నిలవ ఉండదు. మగ్గం మీద వలె వరుస వరుసగా నేస్తారు. కొత్త గడి ఒకటి వేయాలంటే, ఎడమన రెండు గడులూ, పైన మూడు గడులూ చూడాలి. వాటినిబట్టి ఇక్కడ గోడా, దారీ, లేక ఏదో ఒకటి అదృష్టం మీద వదలడమా అన్నది 32 గళ్ల పట్టిక ఒకటి చెబుతుంది. సగం నేసి, రెండవ సగాన్ని అద్దంలో చూసినట్టు తిప్పివేస్తారు, జంట అంచు వలె.

అంతా విప్పారు గాని, ఆ పట్టికలోని జవాబులు ఏ సూత్రం మీద వేశారో మాత్రం అంతుపట్టలేదు. ఆట చేసినవారిలో ఒకరిని అడిగితే, “నాకూ తెలియదు, ఇంకొక ప్రోగ్రామర్ మైకంలో ఉండి రాశానని నాతో చెప్పాడు” అన్నాడు. ఈ మాట పత్రికలకెక్కి లోకమంతా పాకింది. తాగినవాడి చేతిలో పుట్టిన అద్భుతం అంటే ఎవరికి సరదా కాదు? కాని కథ అక్కడ ఆగలేదు. పాల్ అలెన్ న్యూవెల్ అనే ఇంకొక ప్రోగ్రామర్ పరిశోధకులతో కలిసి, మిగిలి ఉన్న ఆధారాలు ముందు పెట్టుకుని, తానూ డంకన్ మ్యూర్‌హెడ్ అనే మిత్రుడూ ఆ లెక్కను ఆలోచించి కట్టిన విధానం వివరించాడు. మైకం కథ నిజం కాదన్నాడు. ఇక్కడ మొదట వస్తువు దగ్గర ఆగిపోయిన దారిని మనుషుల మాట తెరిచింది. ఒకరి మాటను ఇంకొకరి మాట, ఆధారాలతో కలిసి సరిదిద్దింది. ఆ మనుషులు బ్రతికి ఉండగానే అడిగారు గనుక సరిపోయింది. ఇంకొక ఇరవై ఏళ్లు ఆగి అడిగి ఉంటే తాగుబోతు కథే చరిత్ర అయి కూర్చునేది.

ఇక వలసవచ్చిన మనకు అన్నిటికంటే దగ్గరగా తోచే ఉదాహరణ చెబుతాను.

2016 ఆగస్టులో ఇంగ్లండునుంచి ‘నో మాన్స్ స్కై’ అనే ఆట వచ్చింది. దానిలో గ్రహాల సంఖ్య 18 పక్కన పద్ధెనిమిది సున్నలు పెడితే ఎంతో సుమారు అంత. ఎవరూ కూర్చుని గీసినవి కావు, సూత్రం మీద పుట్టేవి. అంత విశాలమైన శూన్యంలో ఒక్కొక్కడూ ఒక్కొక్క మూల తిరగడమెందుకని, కొన్ని వేలమంది ఆటగాళ్లు కలిసి ఒక ప్రాంతాన్ని ఎంచుకుని కాపురం పెట్టారు. పేర్లు పెట్టారు, ఇళ్లు కట్టారు, తోటలు వేశారు. సంవత్సరం తిరిగింది. 2017 ఆగస్టులో ఆట కంపెనీ కొత్త సంచిక విడుదల చేసింది. దానితో సూత్రం మారింది. సూత్రం మారగానే గ్రహాల వాతావరణం మారింది. పచ్చగా ఉన్న నేల తెల్లవారేసరికి విషపు గాలి నిండిన ఎడారో, మంచుగడ్డో అయింది. జనం మూట కట్టుకుని ఇంకొక ప్రాంతానికి వలసపోయారు.

రైన్‌హార్డ్ ఆ పాడుపడిన ఊళ్లకు వెళ్లాడు, ఆటలోపలే. గ్రహం తరువాత గ్రహం తిరిగి ఏ ఇల్లు ఎక్కడున్నదో, ఏ స్థితిలో ఉన్నదో, వదలివెళ్లినవారు ఏ సందేశాలు రాసిపెట్టారో నమోదు చేశాడు. బయట తవ్వకంలో ఎట్లా స్థలం గుర్తు వేసి, ఫోటో తీసి, పట్టిక రాస్తారో అట్లాగే అక్కడా చేశాడు. ఆ ఊళ్లలో గడ్డపార దించే మట్టి లేదు. కాని ఒక సంచిక మీద ఇంకొక సంచిక, అదే ఒక పొర మీద ఇంకొక పొర. పాత పొరలో జీవనం, కొత్త పొరలో వలస. కరువొస్తేనో, మగ్గానికి పని లేకపోతేనో, ఊరు విడిచి పెట్టే బేడా సర్దుకున్న కుటుంబాల మనుమలం మనము. “ఆటలోని ఊరు గదా, అదేమి ఊరు!” అని మనం అనలేము. మనుషులు కలిసి కట్టుకున్నది, విడిచి వెళ్లేటప్పుడు వెనుదిరిగి చూసుకున్నది ఊరే.

అయితే అందరికీ ఇట్లా వెనుక వచ్చి నమోదు చేసేవారు దొరకరు. 1954 నుంచి 1960 వరకు మన నాగార్జునకొండ లోయలో జరిగిన పని పెద్దలకు తెలిసినదే. ఆనకట్ట కడితే లోయ మునుగుతుందని ముందే తెలుసు. కనుక ప్రభుత్వ పురావస్తు శాఖవారు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన గడువు దగ్గర పెట్టుకుని లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ ఒడ్డుకూ తరలించారు. నీళ్లు వచ్చాయి, కాని జ్ఞాపకం మునగలేదు. ఇప్పుడు ఆర్కుట్ మాట తలుచుకోండి. 2004లో మొదలైన ఆ స్థలంలో మన యువకులు ఎందరు తెలుగు గుంపులు కట్టుకుని కబుర్లు రాసుకున్నారు! 2014 సెప్టెంబరు 30న అది మూతపడింది. మూడు నెలల ముందే చెప్పారు, అయినా ఎంతమంది తమ రాతలు దాచుకున్నారు? 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు ఆ మూడు నెలలు కూడా లేవు. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. పొలంలో, మగ్గం గుంటలో, వంటింట్లో నిలబడి మామూలు మనుషులు ఆడి పాడిన దృశ్యాల మీదికి మాత్రం రెండు మూడు రోజుల్లో నీళ్లు వచ్చేశాయి.

కంప్యూటరులో ఉన్నది శాశ్వతం అన్న భ్రమ ఒకటి మనకున్నది. తంజావూరు సరస్వతీ మహలులో నాయకరాజుల కాలపు తెలుగు తాటాకులు నేటికీ చదువుతున్నారు. ఇరవై ఏళ్లనాటి ఫ్లాపీ బిళ్లను ఇవాళ ఏ యంత్రంలో పెడతారు? బిళ్ల మీది అయస్కాంతపు గుర్తులు క్రమేణా చెరిగిపోతాయి. పెళ్లి సీడీ మీది రంగుపూత చెడిపోతుంది. అవి రెండూ బాగున్నా చదివే యంత్రం ఉండదు. తాటాకుకు కళ్లుంటే చాలు; వీటికి యంత్రం కావాలి, ఆ యంత్రానికి తగిన ప్రోగ్రాము కావాలి.

మన ఉగాది సంచికలనే తీసుకోండి. కంప్యూటరు మీద తెలుగు కూర్చడం మొదలైనప్పుడు ఒక్కొక్క కంపెనీ అక్షరాలకు ఒక్కొక్క లెక్క ఉండేది. 1991లో యూనికోడు అనే ప్రపంచ పట్టికలో తెలుగుకు చోటు దొరికినా, అచ్చు పనిలో చాలా ఏళ్లు పాత లెక్కలే నడిచాయి. అప్పటి దస్త్రాన్ని ఇప్పుడు తెరిస్తే, “శుభాకాంక్షలు” ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలూ విచిత్ర చిహ్నాలూ కలగలిపిన పిచ్చిగీతలు కనబడతాయి. చెడిపోయినట్టు తోస్తుంది. చెడిపోలేదు, లిపి తెలియడం లేదు, అంతే. దానికి మందు ఉన్నది. అదే సంచిక అచ్చుప్రతి పక్కన పెట్టుకుంటే ఏ పిచ్చిగీత ఏ అక్షరమో తేల్చవచ్చు. 1837 నాటికి ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించడానికి రెండు భాషల్లో రాసి ఉన్న గ్రీకురాజుల నాణేలు ఎట్లా ఉపకరించాయో, ఇదీ అట్లాగే. కాని అచ్చుప్రతిని చెదలకూ, దస్త్రాన్ని చెత్తబుట్టకూ వేస్తే ప్రిన్సెప్ మళ్లీ పుట్టినా చేయగలిగినది లేదు.

కాబట్టి సోదరులారా, ఊరికే ఉపన్యాసం విని ఇంటికి పోకుండా, ఒక చిన్న పనికి పూనుకుందామని మనవి చేస్తున్నాను. వచ్చే ఉగాదిలోగా ప్రతి ఇంటిలో ఒక పెట్టె. అటకమీది ట్రంకుపెట్టె కావచ్చు, పాత కంప్యూటరు కావచ్చు, పనిచేయని ఫోను కావచ్చు, తాతగారి కాలపు జకార్డు అట్టల కట్ట కావచ్చు. హైస్కూలు, కాలేజీ పిల్లలు ఈ పని చేయాలి. పెద్దలు పక్కన కూర్చుని చెప్పాలి.

విధానం కష్టమైనది కాదు. పెట్టె తెరిచీ తెరవగానే సర్దవద్దు, తుడవవద్దు. ముందు ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయండి. ఏది దేని పక్కన ఉన్నదో అదే సగం కథ. తరువాత ఒక్కొక్క వస్తువుకు ఒక చీటీ: ఇది ఏమిటి, ఎక్కడ ఉన్నది, పక్కన ఏమున్నది, దీని గురించి ఎవరు ఏమి చెప్పారు, ఈ చీటీ ఏ తేదీన ఎవరు రాశారు. నాయనమ్మ ఒక మాట, పెదనాన్న ఒక మాట చెబితే రెండూ రాయండి. ఎవరిది నిజమని అప్పుడే తీర్పు చెప్పవద్దు. “మనం కరీంనగర్ వైపునుంచి వచ్చాము” అని ఒకరు, “కాదు, పాలమూరు వైపునుంచి” అని ఇంకొకరు వాదించుకునే ఇళ్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. బిందెమీది పేరో, పాత రైలు టిక్కెట్టో, పెళ్లి శుభలేఖ మీది ఊరి పేరో ఒకనాడు ఆ వాదన తీర్చవచ్చు. లేదా ఇద్దరి మాటా నిజమే కావచ్చు, నడుమ ఒక మజిలీ ఉండి ఉండవచ్చు.

ఫోనులోనివీ, బిళ్లల్లోనివీ రెండేసి నకళ్లు తీసి రెండు చోట్ల పెట్టండి. అసలును పారేయవద్దు. పాత తెలుగు దస్త్రాలుంటే, వాటి అక్షరాల ప్రోగ్రామును కూడా వాటితోపాటే దాచండి. పోయినవారి ఫోనులో ఉత్తరప్రత్యుత్తరాలు ఉంటాయి. ఇంటివారి అనుమతి లేకుండా వాటిని చదవడం గాని, నలుగురికి చూపడం గాని తగదు. సమాధి తవ్వేవాడికి ఉండవలసిన మర్యాద ఇక్కడ కూడా ఉండాలి. సంఘంవారు ఒక బీరువా ఇచ్చి, ఈ చీటీల నకళ్లు అందులో భద్రపరిస్తే, కొన్నేళ్లలో అది షోలాపూర్ తెలుగువారి చరిత్రకు పునాది అవుతుంది.

పిల్లలారా, మీకొక మాట. మీరు ఆడే ఆటలను తక్కువచేసి మాట్లాడడానికి నేను రాలేదు. చదువు మానుకుని ఆడమని చెప్పడానికీ రాలేదు. ఆడేటప్పుడు ఒక్కసారి ఆగి చూడండి: ఈ గోడ ఎవరు కట్టారు, ఈ సూత్రం ఎవరు నేశారు, వారి పేరు ఎక్కడున్నది? మీ తాతగారు దుప్పటి మీద పువ్వు ఏ అట్టతో వేశారో కూడా ఆయనను అడగండి. ఆయన ఇప్పుడు జవాబు చెప్పగలరు. అట్టకు మాత్రం మాట రాదు. ఆయన చెప్పినది ఈ రోజు చీటీమీద రాస్తే, రేపు అట్టకు కూడా మాట వస్తుంది.

పెద్దల నోటి మాట, పెట్టెలోని మట్టి మాట రెండూ కలిసి దొరికే కాలం ఒక ఇంటికి ఎంతో కాలం ఉండదు. షోలాపూర్‌లో చాలా ఇళ్లకు ఆ కాలం ఇదే. ఈ ఉగాది మనకందరికీ ఆరోగ్యాన్నీ, చేతినిండా పనినీ, ఇంటినిండా కబుర్లనూ ఇవ్వాలని కోరుకుంటున్నాను.